నీళ్లు తీశాక మొదలయ్యే పని

(దివిసీమ ఉప్పెన సంస్మరణ దినాన, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, మత్స్యకార సంఘాల పెద్దలు, డ్వాక్రా మహిళలు పాల్గొన్న సమావేశంలో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పని మానుకుని ఇంత దూరం వచ్చిన అమ్మలకు, అక్కలకు, మాస్టార్లకు నమస్కారం.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పనక్కరలేదు. చెట్టు పట్టుకుని బతికినవాళ్లు, అమ్మానాన్నలను పోగొట్టుకుని మేనమామల ఇళ్లలో పెరిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. తుపాను చీరాల వైపు తీరం దాటితే సముద్రం దాదాపు ఐదు మీటర్ల ఎత్తున దివిసీమ మీదికి వచ్చింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు పదివేల మందికి పైగా. ఆ లెక్కను ఇక్కడి జనం ఎన్నడూ ఒప్పుకోలేదు. దానికి 113 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరు మీద ఇలాగే సముద్రం వచ్చిపడి ముప్పై వేల మందిని తీసుకుపోయింది. ఈ తీరానికి సముద్రం కొత్తదీ కాదు, దాని కోపం కొత్తదీ కాదు.

నేను మాట్లాడదలచుకున్నది ఉప్పెన గురించి కాదు, నీళ్లు తీశాక ఏమవుతుందన్నదాని గురించి. నీళ్లు తీయగానే బియ్యం వస్తాయి, టార్పాలిన్లు వస్తాయి, మంత్రులు వస్తారు, కెమెరాలు వస్తాయి. నెల తిరిగేసరికి అందరూ వెళ్లిపోతారు. అప్పుడు ఊరివాళ్లు మిగులుతారు. వాళ్ల నిద్ర, దిగులు, కోపం, పిల్లల భయం మిగులుతాయి. వీటి గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా మాలాంటి డాక్టర్లను పిలుస్తారు, కౌన్సెలింగ్ శిబిరం పెట్టమంటారు. శిబిరాలు వద్దనను. కానీ ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నదానిగా నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. విపత్తు తర్వాత తీసుకునే ప్రతి చిన్న నిర్ణయమూ మనసుకు సంబంధించిన నిర్ణయమే. శవాన్ని ఎవరికి అప్పగించాలి, కొత్త ఇల్లు ఎవరి పక్కన ఇవ్వాలి, నష్టపరిహారం జాబితా ఎక్కడ అంటించాలి, బడి ఎప్పుడు తెరవాలి అన్నవన్నీ అలాంటివే. డాక్టరు ఊళ్లో అడుగు పెట్టేసరికే సగం మంచో సగం చెడో జరిగిపోయి ఉంటుంది. ఆ సగం మీ చేతుల్లో ఉంది కాబట్టే ఈ మాటలు డాక్టర్ల సభలో కాకుండా మీ ముందు చెప్పాలనుకున్నాను.

ముందు మనసుకు ఏమవుతుందో చూద్దాం. పెద్ద గండం గడిచాక మొదటి వారాల్లో నిద్ర పట్టదు. పట్టినా పీడకలలు. తాటాకు చప్పుడైతే ఉలిక్కిపడతారు. మబ్బు పట్టగానే పిల్లలు అమ్మ కొంగు వదలరు, పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతారు. కొందరు ఏడవరు, మాట్లాడరు, ఎవరింట్లోనో జరిగినట్టు చూస్తూ కూర్చుంటారు. కొందరు అయినదానికీ కానిదానికీ అరుస్తారు. మన ఊళ్లలో చాలామంది 'నాకు దిగులుగా ఉంది' అని చెప్పరు. గుండె దడ, కళ్లు తిరగడం, ఒళ్లంతా నొప్పులు, తిండి సహించకపోవడం అని ఆసుపత్రికి వస్తారు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. 'నీకేం లేదు పో' అని పంపిస్తారు. ఆ మాట వాళ్లను మరింత కుంగదీస్తుంది. ఆశా అక్కలారా, తుపాను తర్వాత ఒంటినొప్పులతో మళ్లీ మళ్లీ వచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని 'ఇంట్లో ఎవరికేమైంది?' అని ఒక్కసారి అడగండి.

ఇవన్నీ జబ్బులు కావని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ప్రాణం పోయేంత భయం చూసిన మనిషికి నిద్ర పట్టకపోవడం సహజం. ఎక్కువమంది కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తమంతట తాము కోలుకుంటారు. ఊరంతటికీ ఒకేసారి మానసిక రోగమని ముద్ర వేయడం తప్పు. మొదటి నెలలో భయానికీ నిద్రలేమికీ నిద్రమాత్రలు పంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నా కళ్లముందు శిబిరాల్లో సంచులకొద్దీ పంచారు. పంచినవాళ్ల మనసు మంచిదే, కానీ ఆ మాత్రలకు అలవాటు పడితే మానడం చాలా కష్టం.

అయితే కోలుకోనివాళ్లు కొందరుంటారు, వాళ్లు తక్కువమందేమీ కాదు. 1999 అక్టోబరులో ఒడిశాను మహా తుపాను ముంచింది. అక్కడా మృతులు పదివేల దాకా. ఏడాది తర్వాత ఆ ప్రాంతపు పిల్లలను, కౌమార వయసువాళ్లను మనోవైద్యులు పరీక్షించారు. దాదాపు ముప్పై శాతం మందిలో ఆ రోజు ఇంకా జరుగుతూనే ఉంది. అవే దృశ్యాలు కళ్లముందు తిరగడం, వాటిని గుర్తుచేసే చోటికి వెళ్లలేకపోవడం, ఎప్పుడూ ఏదో ముంచుకొస్తున్నట్టు ఉండటం. ఏడాది తర్వాత కూడా. బడికి వస్తున్నాడు కదా, అన్నం తింటున్నాడు కదా అని పెద్దవాళ్లు అనుకుంటూ ఉండి ఉంటారు. మాస్టార్లూ, చదువులో హఠాత్తుగా వెనకబడిన పిల్లవాడిని, కిటికీ పక్క కూర్చోనని మొండికేసే పిల్లను కొట్టకండి. ముందు అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన విషయానికి వస్తున్నాను. శవాలు.

1977లో ఇక్కడ శవాలను గుట్టలుగా పేర్చి సామూహికంగా దహనం చేశారు, పూడ్చిపెట్టారు. చేసినవాళ్లలో కాలేజీ పిల్లలున్నారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కార్యకర్తలున్నారు. పొలాల్లో, కాలువల్లో, ముళ్లకంపల్లో చిక్కుకున్న మనుషులను తీసి వాళ్లు చేసిన పనికి ఈ నేల ఎన్నటికీ రుణపడి ఉంటుంది. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఉన్న పరిస్థితి అది. కానీ ఆ తొందరకు ఒక కారణం శవాల వల్ల అంటురోగాలు వస్తాయన్న భయం. ఆ భయం ఇప్పటికీ ప్రతి విపత్తులోనూ వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ చాలాకాలంగా చెబుతున్న మాట వేరు. నీళ్లలో మునిగి, గోడలు కూలి చనిపోయినవాళ్లు చనిపోయేనాటికి ఆరోగ్యవంతులే. వాళ్ల శరీరాల నుంచి మహమ్మారులు పుట్టవు. తాగే నీళ్లలో శవాలు పడకుండా చూసుకోవాలి, తీసేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి, అంతే. కలరాలాంటి జబ్బుతో చనిపోయినవారి సంగతి వేరు. కాబట్టి గుర్తుపట్టకుండా, ఫోటో తీయకుండా, లెక్క రాయకుండా గోతిలో వేయవలసిన అవసరం లేదు.

ఇది మనసుకు ఎందుకు సంబంధించిందో మీకు విడమరచి చెప్పనక్కరలేదు. మన దగ్గర చావు ఒక్క రోజులో అయిపోయేది కాదు. స్నానం చేయించడం, పాడె కట్టడం, పాడె మోయడం, చిన్న దినం, పెద్దకర్మ, సంవత్సరీకం ఉన్నాయి. ఇతర మతాల్లోనూ ఎవరి పద్ధతి వాళ్లకుంది. ఎవరు ఏ రోజు ఏడవాలో, ఎవరు వచ్చి పక్కన కూర్చోవాలో, ఎన్నాళ్లకు మళ్లీ పనిలోకి వెళ్లాలో అన్నీ అందులోనే ఉన్నాయి. మనిషిని దుఃఖంలోకి చేయిపట్టి తీసుకెళ్లి, మళ్లీ చేయిపట్టి బయటికి తెచ్చే దారి అది. శవం దొరకని ఇంట్లో ఆ దారి మొదలే కాదు.

1996 నవంబరు 6న కోనసీమ తుపాను వచ్చింది. వేటకు వెళ్లిన వందల మంది మత్స్యకారులు సముద్రంలోనే గల్లంతయ్యారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల పరిస్థితి ఊహించండి. బొట్టు తీయాలా, ఉంచాలా? తీస్తే భర్తను తానే చంపుకున్నట్టు. ఉంచితే ఊరు చెవులు కొరుక్కుంటుంది. ఎవరో ఒడిశా తీరంలో కొట్టుకొచ్చారట, ఎవరో ఓడవాళ్లు ఎత్తుకున్నారట అని మాట వస్తే చాలు, ఆ రాత్రి మళ్లీ నిద్ర ఉండదు. మనిషి కనబడకుండా పోయి ఏడేళ్లు గడిస్తేనే చనిపోయినట్టు భావించాలన్నది మన దేశంలో సాధారణ చట్టం. ప్రభుత్వం ప్రత్యేకంగా కల్పించుకుని ముందే ధ్రువపత్రం ఇవ్వకపోతే పింఛను రాదు, పరిహారం రాదు, ఇంటి కాగితాలు మారవు. అటు విధవ కాదు, ఇటు సుమంగళి కాదు. ఇలాంటి దుఃఖం ఏళ్ల తరబడి గడ్డకట్టుకుని ఉంటుంది. ఏ మందూ దాన్ని కరిగించదు.

అందుకే నేను అధికారులతో మాట్లాడే ప్రతిచోటా మందుల కంటే ముందు ఈ సంగతి అడుగుతాను. దొరికిన ప్రతి శరీరానికీ ఫోటో, ఒంటి మీది గుర్తుల వివరం, ఒక సంఖ్య, పూడ్చిన చోట అదే సంఖ్యతో గుర్తు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇప్పుడు మన అందరి జేబుల్లోనూ కెమెరా ఉంది. గల్లంతైనవాళ్లకు ధ్రువపత్రం త్వరగా ఇవ్వడం కూడా అలాంటిదే. ఇక శరీరం దొరకనే దొరకకపోతే కుల పెద్దలు, పూజారులు, పాస్టర్లు, ఇమాములు ముందుకు రావాలి. దర్భలతో ఆకారం చేసి సంస్కారం జరిపే పద్ధతి మన శాస్త్రాల్లోనే ఉంది. ఊరంతా కలిసి ఒక రోజు నిర్ణయించుకుని, అందరికీ కలిపి కర్మ చేసి, అందరూ కలిసి భోజనం చేసిన చోట ఆ ఆడవాళ్లు ఏళ్ల తర్వాత మొదటిసారి ఏడవగలిగారు. అది నేను కళ్లారా చూశాను. అంతకంటే మంచి వైద్యం నా చదువులో నాకెవరూ నేర్పలేదు.

తర్వాతి మాట కౌన్సెలింగ్ గురించి. విపత్తు జరిగిన రోజుల్లోనే బాధితులను గుంపుగా కూర్చోబెట్టి, ఏం చూశారో, ఎవరు ఎలా పోయారో వివరంగా చెప్పించే పద్ధతి ఒకటి ఒకప్పుడు ప్రపంచమంతటా ప్రచారంలో ఉండేది. బయటికి చెప్పేస్తే బరువు దిగిపోతుందన్న నమ్మకం. పరిశోధనలన్నీ కలిపి చూస్తే దానివల్ల మేలు జరిగిన దాఖలా లేదు, కొందరికి కీడు జరిగింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత శ్రీలంకకు ఎక్కడెక్కడి నుంచో సలహాదారులు దిగారు. భాష రాదు, మతం తెలియదు, రెండు వారాలుండి వెళ్లిపోయారు. అదే పిల్లవాడిని ఒకరి తర్వాత ఒకరు అదే బొమ్మ గీయమన్నారు. అల, ఇల్లు, కొట్టుకుపోతున్న మనుషులు. ఇలాంటి అనుభవాల తర్వాతే 2007లో ఐక్యరాజ్య సమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి మార్గదర్శకాలు రాసుకున్నాయి. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా 2009లో తన మార్గదర్శకాలు వెలువరించింది. వాటి సారం ఇది: ముందు భద్రత, ఆహారం, గౌరవం, సమాచారం. తర్వాత కుటుంబాన్నీ ఊరినీ నిలబెట్టడం. ఆ తర్వాత మామూలు కార్యకర్తల తోడు. అన్నిటికీ పైన, అవసరమైన కొద్దిమందికి, మాలాంటివాళ్ల వైద్యం.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఒడిశాలోనూ, తమిళనాడులోనూ ఇదే దారి పట్టింది. ఊళ్లో ఉన్న పది పన్నెండు తరగతులు చదివిన యువతీ యువకులనే తీసుకుని శిక్షణ ఇచ్చింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లారు, విన్నారు. విన్నారంటే నిజంగా విన్నారు. 'పోయినవాళ్లు ఎలాగూ రారు, ఉన్నవాళ్లను చూసుకో' అని ఎదురు చెప్పకుండా, 'దేవుడి రాత' అని తేల్చకుండా విన్నారు. చెప్పాలనిపించినప్పుడే చెప్పనిచ్చారు. రేషన్ కార్డు పోయిందంటే దరఖాస్తు రాసిపెట్టారు. దరఖాస్తు రాయడం మానసిక వైద్యమా అని ఎవరైనా అడిగితే అవునంటాను. మూడు రోజులు కార్యాలయం చుట్టూ తిరిగి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన తండ్రికి రాత్రి నిద్ర పడుతుందా?

'నా చేయి జారిపోయింది' అనే మాట మీలో చాలామంది విని ఉంటారు. ఇద్దరు పిల్లలను రెండు చేతులతో పట్టుకుంటే ఒక చేయి జారిపోయింది. బతికినంతకాలం ఆ చేతివైపే చూసుకునే తల్లిదండ్రులున్నారు. వాళ్లకు 'నీ తప్పేం లేదు' అని గబగబా చెప్పకండి. ఆ మాట వాళ్లకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. ఆ నీళ్ల వేగం ఎంతో, చీకటి ఎంతో, ఎంతసేపు పట్టుకున్నారో వాళ్లే చెప్పుకునేదాకా పక్కన కూర్చోండి. ఎవరైనా 'నేనెందుకు మిగిలాను, నేనూ పోతే బాగుండు' అంటే మాత్రం దాన్ని మామూలు మాటగా వదిలేయవద్దు. 'చనిపోవాలని ఆలోచన వస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగాక ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇళ్ల సంగతికి వద్దాం. 1995 జనవరిలో జపాన్‌లోని కోబే నగరంలో భూకంపం వచ్చి ఆరు వేల మందికి పైగా చనిపోయారు. ఇళ్లు పోయిన వృద్ధులకు, వికలాంగులకు ముందుగా తాత్కాలిక ఇళ్లు ఇవ్వాలని లాటరీ తీశారు. ఉద్దేశం ఎంతో మంచిది. కానీ లాటరీలో ఎవరి ఇల్లు ఎక్కడ వస్తే అక్కడికి వెళ్లారు. పాత ఇరుగుపొరుగు చెదిరిపోయింది. ఆ ఇళ్లలో ముసలివాళ్లు ఒంటరిగా చనిపోయి, కొందరు రోజుల తర్వాత గానీ బయటపడలేదు. 2011 మార్చిలో జపాన్‌లోనే మరోచోట భూకంపం, సునామీ. అప్పుడు ఇవానుమా అనే పట్టణంలో కొందరిని లాటరీ ప్రకారం పంపారు, కొందరిని ఇరుగుపొరుగుతో కలిపి గుంపుగా తరలించారు. ఆ పట్టణంలోని వృద్ధుల ఆరోగ్యం మీద అంతకు ఏడు నెలల ముందే వేరే పని కోసం సర్వే జరిగి ఉంది. అందువల్ల ముందు ఎలా ఉన్నారో, తర్వాత ఎలా మారారో పోల్చి చూడగలిగారు. గుంపుగా వెళ్లినవాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లడం, కలిసి కూర్చోవడం పెరిగింది. విడివిడిగా వెళ్లినవాళ్లలో అది తగ్గింది. ఇల్లు అదే, ప్రభుత్వం అదే, విపత్తూ అదే. పక్కింట్లో ఎవరున్నారన్నదే తేడా.

దివిసీమలో ఉప్పెన తర్వాత కాలనీలు కట్టినప్పుడు ఊరినంతటినీ ఒక్కచోట నిలపాలన్న ఆలోచన చాలామందికి ఉంది. మండలి వెంకట కృష్ణారావు గారి లాంటి ప్రజాప్రతినిధులు, విజయవాడ నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చిన సేవా సంస్థలు, నటులు జోలె పట్టి వసూలు చేసిన విరాళాలు అన్నీ కలిశాయి. ఒక్కో సంస్థ ఒక్కో ఊరిని దత్తత తీసుకుంది. ఇళ్లు ఎంత బాగా కట్టారన్న దానిపై అభిప్రాయ భేదాలుండవచ్చు. కానీ ఉప్పెన ముంచిన సొర్లగొంది లాంటి ఊళ్లో మిగిలినవాళ్లు సొర్లగొందివాళ్లుగానే మిగిలారు. దాని విలువ లెక్కకట్టలేనిది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పకపోతే నా ప్రసంగం అబద్ధమవుతుంది. 'మనవాళ్లు గట్టివాళ్లు, ఊరంతా ఒక్కటై నిలబడుతుంది' అని పదేపదే వింటాం. ఏ ఊరు? సునామీ తర్వాత తమిళనాడు శిబిరాల్లో దళితులను వేరుగా కూర్చోబెట్టారని, సాయం సరిగా అందనివ్వలేదని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. మన తీరంలో గిరిజనులైన యానాదుల గుడిసెలు ఎప్పుడూ కట్టకు అవతలే ఉంటాయి. నీళ్లు మొదట వచ్చేది అక్కడికి, జాబితా చివర చేరేదీ అక్కడికే. ఊరు గట్టిదనేమాట ఆ గుడిసెలను కలుపుకోకుండా అంటే నేను ఒప్పుకోను. అదే మాటను సాకుగా చేసుకుని ప్రభుత్వం తప్పుకుంటే అసలే ఒప్పుకోను. కరకట్ట కట్టవలసింది, మడ అడవిని కాపాడవలసింది, తుపాను రక్షణ భవనానికి సున్నం వేసి తాళం చెవి ఎవరి దగ్గరుందో రాసిపెట్టవలసింది ప్రభుత్వమే. జనం ధైర్యం వాటికి బదులు కాదు.

జాబితాల గురించి ఇంకొంచెం చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. ఖమ్మంలో మున్నేరు పొంగింది. సింగ్‌నగర్‌లో మునిగిన కింది అంతస్తుల ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. సాయం అందడం మంచిదే. కానీ ఏ విపత్తులోనైనా జాబితా వచ్చిన రోజు ఊరు రెండుగా చీలుతుంది. ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు, అద్దెవాళ్లకా, యజమానికా? అప్పటిదాకా ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నవాళ్లు మాట్లాడుకోవడం మానేస్తారు. నా దగ్గరకు వచ్చినవాళ్లలో వరద కంటే ఆ జాబితానే ఎక్కువ తలచుకుని కుమిలిపోయినవాళ్లున్నారు. నీళ్లమీద కోపం ఉండదు, అన్యాయం మీద ఉంటుంది. జాబితాను అందరూ చదివేలా పెట్టి, పేరు లేకపోతే ఎవరిని, ఏ రోజు, ఎక్కడ కలవాలో అదే కాగితం కింద రాస్తే ఎన్నో గుండెలు కుదుటపడతాయి.

మగవాళ్ల తాగుడు కూడా అప్పుడే పెరుగుతుంది. పడవ లేదు, వల లేదు, పొలంలో ఉప్పు. పొద్దున్నే లేచి వెళ్లే పని లేనివాడికి పగలంతా ఏం చేయాలి? పరిహారం డబ్బు చేతికొస్తుంది. నష్టపోయిన పడవకు బదులు పడవ త్వరగా వస్తే అది సగం మందు. డబ్బు వీలైన చోట ఇంటి ఆడవాళ్ల ఖాతాలో పడితే ఇంకో పావు మందు. శిబిరాల్లో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, రాత్రి దీపం లేకపోతే వాళ్లకు తుపాను ఇంకా అయిపోలేదని అర్థం.

సింగ్‌నగర్ వరదలో మరో సంగతి బయటపడింది. రోజూ మాత్ర వేసుకోవలసినవాళ్ల మాత్రలు నీళ్లలో పోయాయి. మూర్ఛకు, మానసిక వ్యాధులకు వాడే మందులు హఠాత్తుగా ఆగితే చాలా ప్రమాదం. మూర్ఛ తిరగబెడుతుంది. ఏళ్లుగా నెమ్మదిగా ఉన్న మనిషి మళ్లీ చెదిరిపోతాడు. కొత్త రోగుల కోసం వెతుకుతూ పాత రోగులను మరచిపోవడం ప్రతి విపత్తులోనూ జరుగుతోంది. వాళ్లు తమంతట తాము వచ్చి అడగరు. ఇంటివాళ్లు సిగ్గుపడి చెప్పరు. ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసింది మీకే.

చివరగా 1990. ఆ ఏడాది మే 9న ఇదే కృష్ణా ముఖద్వారం దగ్గర 1977నాటి దానితో పోల్చదగిన తీవ్ర తుపాను తీరం దాటింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు. కానీ పదివేలు కాలేదు. హెచ్చరికలు మెరుగుపడ్డాయి, రక్షణ భవనాలు వచ్చాయి, లక్షల మందిని తరలించారు. ఇంకొకటి కూడా ఉంది. 'లేవండి' అనగానే జనం లేచారు. ఇంట్లో ఉప్పెన చూసిన ముసలమ్మ 'నేను ముందు బయల్దేరుతున్నా, మీరొస్తారో రారో' అంటే ఎవరు కూర్చుంటారు? ఒడిశాలో కూడా ఇదే జరిగింది. 1999లో పదివేలు పోయిన తీరంలో 2013 ఫైలిన్ తుపానుకు దాదాపు పది లక్షల మంది కదిలారు, మృతులు పదుల సంఖ్యలో ఆగిపోయారు. భయం మనిషిని చిత్రహింస పెట్టగలదు, ఊరిని కాపాడనూ గలదు. ఆ జ్ఞాపకం ఒక్క మనిషి గుండెలో రహస్యంగా ఉంటే హింస అవుతుంది. పదిమందిలో చెప్పుకుంటే హెచ్చరిక అవుతుంది. ఉప్పెన చూసినవాళ్లు వయసు మీద పడి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మాస్టార్లూ, చెప్పడానికి ఇష్టపడేవాళ్లను, ఇష్టపడేవాళ్లను మాత్రమే, బడికి పిలవండి. ఆ రోజు నీళ్లు ఎటువైపు నుంచి వచ్చాయో, ఏ మిట్ట మీద జనం బతికారో పిల్లలకు చూపించమనండి.

నా మాటలు ఇక్కడికి చాలిస్తాను. భోజనాల తర్వాత ఊరివారీగా కూర్చుందాం. ఒక్కో ఊరికి ఒక్కో పుస్తకం ఇస్తున్నారు. అందులో మూడు పేజీలు ఈరోజే రాసుకుని వెళ్లాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు, వాళ్లను తీసుకెళ్లే బాధ్యత ఎవరిది అన్నది మొదటి పేజీ. మూర్ఛకు, మానసిక వ్యాధికి, మధుమేహానికి, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకునేవాళ్లు, ఆ మాత్రల పేర్లు రెండో పేజీ. ఇందులో మానసిక వ్యాధి ఉన్నవాళ్ల వివరం ఆశా అక్క దగ్గర మాత్రమే ఉండాలి, గోడకు అంటించవద్దు. కట్టకు అవతల ఉన్న ఇళ్లు, అక్కడ ఫోను ఉన్న ఒక మనిషి మూడో పేజీ. యానాదుల కాలనీ నుంచి వచ్చిన అక్కలు వెనక వరుసలో ఉన్నారు. మూడో పేజీ వాళ్లతోనే మొదలుపెడదాం, ముందుకు రండమ్మా.